అరవై రోజుల్లో చెడిపోవలసిన లిఫ్టు

పాలగెడ్డ ఏరియా ఆసుపత్రిలో ప్రసూతి వార్డు రెండో అంతస్తులో ఉంది. లిఫ్టు ఉంది కదా అని అక్కడ పెట్టారు. ఆ లిఫ్టు చెడిపోయి రెండేళ్ళ నాలుగు నెలలైంది. వార్డు మాత్రం అక్కడే ఉంది. నొప్పులొచ్చిన ఆడవాళ్ళను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ముందొకరూ వెనకొకరూ పట్టుకుని, నలభై ఆరు మెట్లు ఎక్కించేవారు. ముందు పట్టుకునేవాడు వార్డు బాయ్ దాలినాయుడు. వెనక పట్టుకునేది సాధారణంగా మొగుడు. మెట్ల మలుపు దగ్గర దాలినాయుడు "ఆగండి, గట్టిగా ఊపిరి తీసుకోండి" అనేవాడు. అది గర్భిణికి చెబుతున్నాడో, మొగుడికి చెబుతున్నాడో, తనకే చెప్పుకుంటున్నాడో ఎవరికీ తెలిసేది కాదు.

నేను ఆ ఆసుపత్రి ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. లిఫ్టు ఫైలు నా బల్ల మీదే ఉండేది. కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పగలను.

ఆ ఏడాది ప్రభుత్వానికి మాజీ సైనికుల మీద గౌరవం పెరిగింది. ప్రభుత్వ భవనాల్లో పాత పరికరాలు తీసి కొత్తవి బిగించే పనులు మాజీ సైనికులు నడిపే చిన్న సంస్థలకే ఇవ్వాలని ఉత్తర్వు వచ్చింది. మంచి ఉత్తర్వే. దాన్ని అమలు చేయడానికి పరికరాల మార్పిడి మండలి అని ఒకటి పెట్టారు. కష్టం అక్కడ మొదలైంది.

మా ఊరి బస్టాండు రోడ్డులో రిటైర్డ్ సుబేదార్ గేదెల సన్యాసిరావుకి ఒక వర్క్‌షాపు ఉంది. ఇరవై నాలుగేళ్ళు సైన్యంలో మెకానిక్‌గా పనిచేసి, యుద్ధ ట్యాంకు నుంచి మెస్సులో గ్రైండరు దాకా అన్నీ విప్పి బిగించిన మనిషి. తనతో పాటు రిటైరైన ఇద్దరు స్నేహితులతో కలిసి లిఫ్టులూ జనరేటర్లూ బాగుచేస్తుండేవాడు. లిఫ్టు పనికి దరఖాస్తు పెట్టింది ఆయనొక్కడే.

మండలి తరఫున ఇంజనీరు ఉపద్రష్ట శేషఫణి గారు తనిఖీకి వచ్చారు. నన్ను కూడా వెంటబెట్టుకుని వర్క్‌షాపుకి వెళ్ళారు. ఇస్త్రీ నలగని చొక్కా, బొటనవేలంత మందం నిబంధనల పుస్తకం. ఆయన చెడ్డవాడు కాదు. పుస్తకంలో ఉన్నది చేసేవాడు, లేనిది చేసేవాడు కాదు.

"మీరు మాజీ సైనికులని ఈ పత్రం పదిహేనేళ్ళ కిందటిది. ప్రస్తుతం కూడా మాజీ సైనికులుగానే కొనసాగుచున్నారని రుజువు ఏది?" అన్నారాయన.

సన్యాసిరావు ఆలోచించాడు. "మాజీ అయిపోయినాక మరేటవుతాం సాబ్? మళ్ళీ కుర్రాళ్ళం అవం కదా."

"ఊహలకు తావు లేదు. నెలనెలా ధ్రువపత్రం దాఖలు చేయవలెను. ఇక రెండో అంశం. మీది చిన్న సంస్థ అనుటకు ఆధారం?"

"తమరు లోపలికొచ్చినప్పుడు సోటు సాలక నాను బయటికొచ్చి నిలబడినాను సాబ్. ఇంకా బయటే ఉన్నాను."

శేషఫణి గారు వెనక్కి తిరిగి చూసి, నిజమేనని గమనించి, 'చిన్నదే' అని రాసుకున్నారు. అలా సన్యాసిరావుకి కాంట్రాక్టు వచ్చింది. నెల తిరక్కుండా కొత్త లిఫ్టు ఆరు చెక్కపెట్టెల్లో దిగింది. పెట్టెలు పోర్టికోలో పెట్టించాం. అప్పట్నుంచి అంబులెన్సులు రోడ్డు మీదే ఆగేవి.

పాత లిఫ్టు విప్పుదామని సన్యాసిరావు స్పానర్లతో వచ్చిన రోజున సూపరింటెండెంటు డాక్టర్ హేమసుందరి గారి గదిలో సమావేశం జరిగింది.

"తొందర పడకూడదు," అన్నారు శేషఫణి గారు పుస్తకం తెరిచి. "పాత పరికరం పనికిరానిదని మండలి ముందుగా ధ్రువీకరించాలి. అందుకు పరీక్ష జరగాలి. పరీక్ష అనగా, పరికరమును పదిహేను నిమిషములు నడిపించి, అది సరిగా నడుచుట లేదని కమిటీ స్వయముగా తిలకించుట."

"అది అసలు నడవదండీ," అన్నారు డాక్టరమ్మ.

"అందువల్లనే పరీక్షించుటకు వీలుపడుట లేదు."

సన్యాసిరావు నా వైపు చూశాడు. నేను ఫైలు వైపు చూశాను. "అంటే సాబ్, నడవనిది నడవదని సూపడానికి ముందు దాన్ని నడిపించాలా?"

"సరిగ్గా గ్రహించారు. సైన్యంలో పనిచేసినవారికి ఇటువంటివి త్వరగా బోధపడతాయి."

ఆదేశం ఆదేశమే కదా. సన్యాసిరావూ ఆయన స్నేహితులూ నాలుగు రోజులు ఆ లిఫ్టు గూట్లో దూరి పనిచేశారు. మోటారు విప్పి చుట్టారు, తాళ్ళు మార్చారు, బ్రేకు సరిచేశారు, తలుపుల సందుల్లోంచి పావురాల గూళ్ళు తీసి మెల్లగా కిటికీ మీద పెట్టారు. ఐదో రోజు కమిటీ వచ్చింది. మీట నొక్కారు. లిఫ్టు పెళ్ళికూతురిలా కదిలింది. పదిహేను నిమిషాలు పైకీ కిందికీ తిరిగింది. కుదుపు లేదు, చప్పుడు లేదు. మెట్ల మీద నిలబడిన జనం చప్పట్లు కొట్టారు.

శేషఫణి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పరికరం సంతృప్తికరంగా ఉన్నది. కావున మార్పిడి చేయుటకు వీలు లేదు."

"పోనీండి. ఇది బాగుంది కదా, దీన్నే వాడుకుంటాం," అన్నారు డాక్టరమ్మ సంతోషంగా.

"ఎలా వాడతారు? మార్పిడికి ఉత్తర్వు జారీ అయినది. మార్పిడి నిమిత్తం నిలిపివేసిన పరికరంలో మానవులు ప్రయాణించరాదు."

"మరి కొత్తది బిగించండి!"

"పాతది చెడిపోతే గదా?"

చివరికి సన్యాసిరావు, "సాబ్, అనుమతిస్తే ఒక సుత్తి దెబ్బతో..." అన్నాడు. శేషఫణి గారు చెవులు మూసుకున్నారు. ప్రభుత్వ ఆస్తిని చెడగొట్టడం నేరం. దానంతట అది అరిగి చెడిపోవాలి. పుస్తకంలో వెతికితే అందుకు దారి కూడా దొరికింది. వేగవంతమైన సహజ అరుగుదల అని ఒక అధ్యాయం ఉంది. గడువు అరవై రోజులు. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా లిఫ్టు ఎడతెరిపి లేకుండా తిరగాలి. ఖాళీగా తిరగకూడదు, ఖాళీగా తిరిగితే అది విహారమే తప్ప అరుగుదల కాదట. ఎనిమిది మంది పట్టే లిఫ్టు కాబట్టి, ఒక్కొక్కటి అరవై కిలోల చొప్పున ఎనిమిది ఇసుక మూటలు ఎక్కించాలి.

మర్నాటి నుంచి మా ఆసుపత్రిలో ఇసుక మూటలు లిఫ్టులోనూ, రోగులు మెట్ల మీదా వెళ్ళసాగారు.

రెండో రోజే ఒక చిక్కొచ్చింది. లిఫ్టు ప్రయాణాల రిజిస్టరులో రోగి పేరు, వయసు, జబ్బు అని గళ్ళున్నాయి. గళ్ళు ఖాళీగా వదిలితే ఆడిట్ వాళ్ళు ఊరుకోరు. నేను హెడ్ నర్సు ఎలీశమ్మ గారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ముప్ఫై ఏళ్ళుగా ప్రసూతి వార్డు చూస్తోంది. పుట్టినవాళ్ళకు పేర్లు పెట్టడం ఆవిడకి అలవాటే.

"మొదటి దానికి ఇసుక అసిరమ్మ అని రాయండి బాబూ," అంది. "రెండోది ఇసుక అప్పలకొండ. మూడోది మగమూటలాగుంది, ఇసుక సూర్యనారాయణ అనండి."

"వయసు?"

"ఏటి వయసు రాస్తాం, నాగావళి ఏటి ఇసుక కదా, ఆ ఏరు ఎప్పట్నించి పారతందో ఎవులికి తెలుసు? నలభై ఐదు రాయండి."

"జబ్బు?"

ఎలీశమ్మ మూటల వంక చాలాసేపు చూసింది. "కదల్లేకపోవడం."

రిజిస్టరులో పేర్లు ఎక్కాయి కాబట్టి ఓపీ చీట్లు ఇవ్వాల్సి వచ్చింది. అరవై రోజులు ఉండేవాళ్ళు కాబట్టి ఇన్‌పేషెంట్లుగా చేర్చుకున్నాం. ఇన్‌పేషెంట్లు కాబట్టి వంటశాల నుంచి రోజూ ఎనిమిది గుడ్లు, ఎనిమిది బ్రెడ్లు, ఎనిమిది గ్లాసుల పాలు వచ్చేవి. వాటిని వెనక్కి పంపే నిబంధన లేదు. ఎలీశమ్మ వాటిని మెట్లెక్కి వచ్చిన ఆడవాళ్ళకు పెట్టేది. రిజిస్టరులో మాత్రం 'మిగల్చకుండా తిన్నారు' అని రాసేది.

ఇరవయ్యో రోజున రాజధాని నుంచి అభినందన లేఖ వచ్చింది. మా ఆసుపత్రిలో ఎనిమిది మంది రోగులు ఇరవై రోజులుగా ఒక్క ఫిర్యాదు కూడా చేయలేదనీ, రాష్ట్రంలో ఇంతటి సంతృప్తి మరెక్కడా లేదనీ అందులో ఉంది. ముప్ఫయ్యో రోజున అదే కార్యాలయం నుంచి సంజాయిషీ నోటీసు వచ్చింది. నెల రోజులైనా ఆ ఎనిమిది మందిలో ఒక్కరికీ ఎందుకు నయం కాలేదో చెప్పమన్నారు. డాక్టరమ్మ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, నా చేత ఒకే జవాబు రాయించారు: 'రోగుల పరిస్థితి నిలకడగా ఉన్నది.'

ముప్ఫై ఆరో రోజున ఐదో మూటకి చిల్లు పడి, ఇసుక కారి, నాలుగు కిలోలు తగ్గింది. అరవై కిలోల లోపు మూట చెల్లదు. బరువు తగ్గిన రోగి అని డైట్ క్లర్కు రెండో గుడ్డు మంజూరు చేశాడు. ఎలీశమ్మ గోనెసూదితో పదకొండు కుట్లు వేసింది. కుట్లు పడ్డ రోగికి వారం విశ్రాంతి ఇవ్వాలి కాబట్టి ఐదో మూటని వార్డులో మంచం మీద పడుకోబెట్టాం. ఆ మంచం మీదుండవలసిన బాలింత వరండాలో చాప మీద పడుకుంది. ఆ సాయంత్రం సన్యాసిరావు ఆ చాప దగ్గర ఆగాడు.

"ఇరవై నాలుగేళ్ళు సెప్పిన మాట విన్నాను సార్," అన్నాడు నాతో మెల్లగా. "కొండ మీద మంచులో జనరేటరు మొయ్యమంటే మోశాను. అది ఎందుకో తెలిసేది. ఇది ఎందుకో తెలీదు."

అన్నాడే గానీ, లిఫ్టుకి రోజూ పొద్దున్నే గ్రీజు పెట్టడం మాత్రం మానలేదు. చెడిపోవాల్సిన దానికి గ్రీజెందుకయ్యా అని అడిగితే, "నా సేతిలో ఉన్న మిషన్ని ఎండబెట్టలేను సార్, పాపం తగుల్తాది" అన్నాడు.

ముప్ఫై తొమ్మిదో రోజు, మంగళవారం. శేషఫణి గారు వారపు తనిఖీకి వచ్చి లిఫ్టు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పదిన్నర అయింది. బయట రోడ్డు మీద ఆటో ఆగింది. గెడ్డ వాగు అవతలి ఊరి నుంచి రాజులమ్మ అనే అమ్మాయిని అత్తగారు తీసుకొచ్చింది. అప్పటికే నొప్పులు దగ్గర దగ్గరగా వస్తున్నాయి. మొగుడు ఊళ్ళో లేడు. దాలినాయుడికి ముందురోజే నడుం పట్టేసి ఆసుపత్రిలోనే బరువులు కట్టి ట్రాక్షన్ వేశారు. రాజులమ్మ మొదటి మెట్టు మీద కాలు పెట్టి, రెయిలింగు పట్టుకుని, అక్కడే కూలబడిపోయింది.

ఎలీశమ్మ మెట్లన్నీ పరుగున దిగి వచ్చింది. చెయ్యి పెట్టి చూసింది. "బిడ్డ అడ్డం తిరిగుంది. పైకి తీసుకెళ్ళకపోతే ఇద్దరూ దక్కరు," అంది.

సన్యాసిరావు లిఫ్టు ఆపాడు. ఇసుక అసిరమ్మని, ఇసుక అప్పలకొండని, సూర్యనారాయణని ఒక్కొక్కరినీ ఎత్తి బయట పడేశాడు.

శేషఫణి గారు లేచి అడ్డం నిలబడ్డారు. "సుబేదార్ గారూ, మానవులు ఎక్కిన యెడల పరీక్ష రద్దగును. ముప్ఫై తొమ్మిది రోజుల అరుగుదల వృథా అగును. మొదటి నుంచి అరవై రోజులు..."

"పరీక్షలో ఏటెక్కొచ్చు సాబ్?"

"అరవై కిలోలకు తగ్గని మూటలు మాత్రమే."

"ఐదో మూట సెలవులో ఉంది. దాని బదులు ఇంకోటి ఎక్కించొచ్చా?"

శేషఫణి గారు అలవాటు కొద్దీ పుస్తకం తిప్పారు. "ప్రత్యామ్నాయ మూటకు అనుమతి కలదు. నెంబరు వేయవలెను."

ఎలీశమ్మ జేబులోంచి పుట్టిన పిల్లల చేతికి పేరు రాసి కట్టే పట్టీ ఒకటి తీసి, 'మూట నెం. 9' అని రాసి, రాజులమ్మ చేతికి కట్టింది. "బరువు అరవై నాలుగు. పొద్దున్న వాళ్ళూరి ఏఎన్ఎం నర్సు తూసిన చీటీ అత్తగారి దగ్గరుంది, ఇదిగో. నాను పదో మూటని. డెబ్భై రెండు."

ఆయన పట్టీ వైపు చూశారు. పుస్తకం వైపు చూశారు. అప్పుడు రాజులమ్మ కేక పెట్టింది, హాలంతా మారుమోగేలా. శేషఫణి గారి చేతిలోంచి పుస్తకం జారి పడిపోయింది. ఆయన దాన్ని తీసుకోలేదు. "మూట... మూట జాగ్రత్త. కుదపకండి," అన్నారు. తానే వెళ్ళి లిఫ్టు తలుపు తెరిచి పట్టుకున్నారు.

పదిహేడు సెకన్లలో లిఫ్టు రెండో అంతస్తు చేరింది. డాక్టరమ్మ అప్పటికే చేతులు కడుక్కుని ఉన్నారు. కింద సన్యాసిరావు, శేషఫణి గారు, రాజులమ్మ అత్తగారు ఒకే బెంచీ మీద కూర్చున్నారు. నలభై నిమిషాల తరవాత పైనుంచి సన్నగా ఏడుపు వినిపించింది. అత్తగారు చేతులు జోడించి, ఏ దేవుడికి దండం పెట్టాలో తోచక, పక్కనున్న శేషఫణి గారికే పెట్టింది. ఆయన గబుక్కున కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఎంతసేపు తుడిచినా తడి పోలేదు.

నాలుగో రోజు రాజులమ్మ లిఫ్టులోనే కిందికి దిగింది. రిజిస్టరు దగ్గర నాకు మళ్ళీ చిక్కొచ్చింది. తొమ్మిదో నెంబరు కింద పైకి వెళ్ళింది ఒక మూట, దిగింది రెండు. రెండోది రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు, అంటే నిబంధన ప్రకారం చెల్లదు. శేషఫణి గారికి ఫోన్ చేసి అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "చిల్లర అని రాయండి," అన్నారు.

ఆ తరవాత సంగతి మీరు ఊహించగలరు. మర్నాటికల్లా లిఫ్టు ముందు మూటల క్యూ తయారైంది. ఎలీశమ్మ బల్ల వేసుకుని పట్టీలు రాసింది. మోకాళ్ళ నొప్పుల ముసలమ్మలు, కాలు విరిగినవాళ్ళు, డయాలసిస్ వాళ్ళు అందరూ వచ్చి, "అమ్మా, నన్నూ మూటగా రాయండి" అని అడిగేవాళ్ళు. అరవై కిలోలు లేని ఒక తాతగారు ఐదో మూటని వాటేసుకుని కూర్చునేవాడు. అది అప్పటికి విశ్రాంతి పూర్తి చేసుకుని డ్యూటీలో చేరింది. శేషఫణి గారు వారం వారం వచ్చి, నెంబర్లు సరిచూసి, సంతకం పెట్టి వెళ్ళేవారు. ఒకసారి ఆయన తల్లిగారిని కంటి పరీక్షకు తీసుకొచ్చారు. మూట నెం. 214.

అరవయ్యో రోజు కమిటీ వచ్చింది. లిఫ్టు పదకొండు వేల చిల్లర సార్లు తిరిగింది. ఒక్క బల్బు కూడా మాడలేదు. కమిటీ సభ్యుల ముఖాలు చిన్నబోయాయి. మళ్ళీ అరవై రోజులు పొడిగించాలని ఒకాయన, సంవత్సరం అని ఇంకొకాయన. సన్యాసిరావు తల వంచుకుని నిలబడ్డాడు. పోర్టికోలో పెట్టెల మీద అప్పటికే గడ్డి మొలిచింది.

అప్పుడు శేషఫణి గారు గొంతు సవరించుకున్నారు.

"అధ్యక్షా! ఈ పరికరమునకు మండలి ఒక లక్ష్యం నిర్దేశించినది. అరవై రోజులలో చెడిపోవుట. గడువు ముగిసినది. లక్ష్యసాధనలో పరికరం పూర్తిగా విఫలమైనది. విఫలమైన పరికరము పనికిరానిదని ఇరవై రెండో నిబంధన స్పష్టముగా చెప్పుచున్నది."

అధ్యక్షులవారు పుస్తకం తెప్పించుకుని రెండుసార్లు చదివారు. తరవాత లేచి శేషఫణి గారికి చేయి అందించారు. చెడిపోవడంలో విఫలమైనందున పాత లిఫ్టు పనికిరానిదని ఏకగ్రీవంగా తీర్మానించారు. పదకొండు రోజుల్లో సన్యాసిరావు కొత్తది బిగించాడు. మనుషులు మనుషులుగానే అందులో ఎక్కారు. అంబులెన్సులు లోపలికొచ్చాయి. బస్టాండు రోడ్డులో ఆయన స్నేహితులు అందరికీ జిలేబీ పంచారు.

ఇక మిగిలింది ఎనిమిది మంది ఇన్‌పేషెంట్లు. బంధువులు సంతకం పెడితే గాని డిశ్చార్జి చేయకూడదు. సన్యాసిరావే ముందుకొచ్చాడు. సంబంధం అన్న గడిలో ఏం రాయాలని అడిగితే, "కలిసి పనిచేశాం, అంతే రాయండి" అన్నాడు. డిశ్చార్జి కాగితంలో డ్యూటీ డాక్టరు అందరికీ రాసే సలహాలే రాశాడు: నీళ్ళు బాగా తాగాలి. బరువులు ఎత్తరాదు. నెలకి ఒకసారి చూపించుకోవాలి. మూటల్ని ట్రాలీ ఆటోలో వేసుకుని సన్యాసిరావు ఇంటికి వెళ్ళాడు. భార్య చిన్నమ్మడు గుమ్మంలో నిలబడి, "ఏటిది? కాంట్రాక్టులో ఇదే మిగిలినాదా?" అందట.

నెలన్నర తరవాత ఏవో కాగితాల మీద ఆయన సంతకం కోసం వాళ్ళింటికి వెళ్ళాను. నేను టీ తాగుతుండగా ఆశా కార్యకర్త ఒకమ్మాయి పుస్తకంతో వచ్చింది. డిశ్చార్జి అయిన ఎనిమిది మంది మళ్ళీ ఆసుపత్రికి రాలేదని పైనుంచి పంపారట.

"ఇసుక అసిరమ్మ గారు, ఇసుక సూర్యనారాయణ గారు... వీళ్ళంతా ఈ ఇంట్లోనే ఉన్నారా?"

"ఇక్కడే ఉన్నారమ్మా," అన్నాడు సన్యాసిరావు. వర్క్‌షాపు సామాను కోసం పెరట్లో కొత్తగా కట్టిన గది గోడ వైపు చేయి చూపించాడు.

ఆ అమ్మాయి గోడ వైపు చూసింది. జాబితాలో ప్రశ్నలు అడగాలి కాబట్టి అడిగింది. "నీళ్ళు బాగా తాగుతున్నారా?"

"సిమెంటు కలిపినాక పది రోజులు, రెండు పూటలా తాగించినాను."

"బరువులేవీ ఎత్తడం లేదు కదా?"

"అదొక్కటీ మాట వినలేదమ్మా. పైన రేకుల కప్పు మోస్తన్నారు."

ఆ అమ్మాయి గోడ దగ్గరికి వెళ్ళి, పెన్ను వెనక వైపుతో రెండుసార్లు తట్టింది. చెవి ఆనించి కాసేపు విన్నది. తరవాత పుస్తకం తెరిచి, ఎనిమిది పేర్ల పక్కనా ఓపిగ్గా ఒకటే మాట రాసింది: 'లేచి నిలబడగలుగుతున్నారు.'